ఐదో పేజీలో నాలుగు వాక్యాలు

1983 జూన్ 8, బుధవారం ఉదయం ఆరూ నలభైకి, ఇండోనేషియాలోని క్లాతెన్‌లో, ఫిజిక్సు మాస్టారు ప్రవోతో పేపరు విప్పాడు. ఐదో పేజీలో, ఎప్పుడూ వచ్చే చోటే, 'ఈ వారం ఆకాశం' అన్న శీర్షిక కింద అతను రాయని వాక్యాలు నాలుగు ఉన్నాయి. వాటి కింద అతని పేరుంది.

మళ్లీ మొదటినుంచి చదివాడు. మొదటి మూడు పేరాలు తనవే. చంద్రుడు సూర్యుడికి ఎలా అడ్డం వస్తాడో, ఆ నీడ సముద్రం మీద మొదలై జావా మీదుగా ఏ దారిన పోతుందో, శనివారం పదకొండున్నర ప్రాంతంలో క్లాతెన్‌లో దాదాపు ఐదు నిమిషాలు పట్టపగలు ఎలా చీకటి పడుతుందో, అన్నీ రాసినవి రాసినట్టే ఉన్నాయి. కామాలు కూడా మారలేదు. నాలుగో పేరా, ఐదో పేరా లేవు. వాటి చోట ఇలా ఉంది:

'గ్రహణం రోజున ఎవరూ ఇల్లు కదలకూడదు. ఏ పరికరంతోనూ, ఒక్క క్షణమైనా, సూర్యుడి వైపు చూడకూడదు. చూసినవారికి చూపు శాశ్వతంగా పోతుంది. తలుపులు, కిటికీలు, పైకప్పు సందులు మూసుకుని టెలివిజన్‌లో మాత్రమే గ్రహణాన్ని చూడాలి.'

పోయిన నాలుగో పేరాలో అతను రాసింది వేరు. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆ ఐదు నిమిషాల్లోపు మాత్రం మామూలు కంటితో నేరుగా చూడొచ్చని, అంచున మొదటి వెలుగు కనబడకముందే చూపు తిప్పుకోవాలని రాశాడు. ఐదో పేరాలో మిగతా మూడు గంటలూ ఏం చేయాలో రాశాడు. కాగితానికి చిన్న చిల్లు పెట్టి, దాని గుండా వచ్చిన వెలుగును నేల మీద పడనిస్తే, పడేది ఉత్త వెలుగు కాదు, సూర్యుడి బొమ్మ. వీపు సూర్యుడి వైపు పెట్టి నేలకేసి చూస్తూ కూర్చుంటే చాలు. ఆ పేరాను అతను మూడుసార్లు తిరగరాశాడు. చదువు కొత్తగా నేర్చుకున్నవాళ్లకు కూడా అర్థం కావాలని.

భార్య రుమియాతి టీ గ్లాసు మూత పెట్టి తెచ్చింది.

"ఈ వారం బాగా రాశారటండీ. పక్కింటావిడ పొద్దున్నే వచ్చి చెప్పింది. చదివి ఒళ్లు జలదరించిందట."

"ఏది చదివి?"

"గుడ్డివాళ్లయిపోతారని రాశారుగా. ఎప్పుడూ మీది చదివితే నిద్రొస్తుందంటుంది, ఈసారి రాలేదట."

ప్రవోతో పేపరు మడిచాడు. టీ తాగాడు. గది మూలన అట్టపెట్టె ఉంది. దానికి ఒక పక్క సూది మొనంత చిల్లు, ఎదురు పక్క లోపల తెల్ల కాగితం. పెట్టెలో, కంటికి అడ్డం పెట్టుకుని సూర్యుడిని చూడడానికి, జేబురుమాలు చుట్టిన వెల్డింగు గాజు ఉంది. రైలు పట్టాలు దాటాక చెరుకు తోటల గట్టు మీద, ఉత్తరం వైపు చెట్లు లేని చోటొకటి ఏప్రిల్‌లోనే చూసి పెట్టుకున్నాడు. సంపూర్ణ సూర్యగ్రహణం అతను ఇప్పటిదాకా చూడలేదు. ఆ ఊళ్లో బతికున్నవాళ్లెవరూ చూడలేదు. యాభై నాలుగేళ్ల వయసు. మళ్లీ ఇంటి ముందుకు వచ్చే గ్రహణం ఎప్పుడో లెక్క కట్టి చూశాడు. ఆ ఏడాదికి తనుండడు.

చొక్కా తొడుక్కుని బడికి వెళ్లాడు.

మధ్యాహ్నం ఫిజిక్సు క్లాసు అయ్యాక బస్సెక్కి పక్కనున్న సోలో నగరానికి వెళ్లాడు. పేపరు ఆఫీసు మార్కెట్టు వెనక ఉంది. కింద అచ్చుయంత్రం, పైన సంపాదకుల గది. మెట్ల పక్క కంపోజింగు గదిలో ఇద్దరు సీసం అక్షరాలు ఏరి గళ్లలోకి వేస్తున్నారు. వాళ్లలో పెద్దతను ప్రవోతోను చూసి లేచాడు.

"మాస్టారూ, మీదాంట్లో రెండు పేరాలు నేనే విప్పేశానండి. అప్పటికే కూర్చి కట్టేశాను. మంచి పేరాలు."

"ఎవరు విప్పమన్నారు?"

అతను వేలితో పైకి చూపించాడు. మళ్లీ కూర్చుని అక్షరాలు ఏరడం మొదలుపెట్టాడు.

ఫీచర్ల సంపాదకుడు గునాది ప్రవోతోను చూసి కుర్చీ మీది కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. లవంగం సిగరెట్టు ముట్టించి, ఒకటి ప్రవోతోకు ఇవ్వబోయాడు. ప్రవోతో తల అడ్డంగా ఊపాడు.

"మీరొస్తారనే అనుకున్నాను. రేపొస్తారనుకున్నాను."

"ఆ నాలుగు వాక్యాలు ఎవరివి?"

"ఫోనులో వచ్చాయి. సోమవారం సాయంత్రం. నేను రాసుకున్నాను, అటునుంచి చదివి వినిపించమన్నారు, వినిపించాను."

"ఎవరు?"

"మాస్టారూ, ఫోనులో వచ్చే వాటికి పేరుంటుందా?"

"వాటి కింద నా పేరు ఎందుకుంది?"

గునాది పొగ వదిలి కిటికీ వైపు చూశాడు.

"సర్కారు సర్క్యులరు వేస్తే ఎవడు చదువుతాడండీ? చుట్టూ గీత గీసి మొదటి పేజీలో వేస్తాం, దాంట్లో వేరుశనక్కాయలు కట్టి అమ్ముతారు. మీది చదువుతారు. పదేళ్లుగా మీరు వాన పడుతుందని కూడా రాయలేదు. శుక్రుడు సాయంత్రం కనబడతాడని రాస్తారు, జనం బయటికొచ్చి చూస్తారు, కనబడతాడు. అలాంటి మాట కావాలి వాళ్లకి. అదీ నేను చెప్పలేదు, ఫోనులోనే అన్నారు. మీ పేరు వాళ్లకి తెలుసు. మీకది గొప్పే."

"అబద్ధం అది."

"సగం అబద్ధం. సూర్యుడిని చూస్తే కళ్లు పోవడం నిజమేగా?"

"పూర్తిగా మూసుకున్నప్పుడు పోవు."

"ఆ 'పూర్తిగా' అన్న మాట లక్ష మందికి ఎలా చెప్పేది? ఒకడు అర నిమిషం ముందు చూస్తాడు. వాడి కళ్లు పోతాయి. అప్పుడు నాకు ఫోను రాదు, మనిషే వస్తాడు."

"చెప్పొచ్చు. నేను చెప్పాను. ఐదో పేరా అదే."

ప్రవోతో జేబులోంచి కాగితం తీశాడు. బస్సులో రాసుకున్నాడు. అక్షరాలు కుదుపులకు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. మూడే వాక్యాలు. బుధవారం వ్యాసంలోని చివరి పేరా రచయితది కాదని మొదటిది. మిగతా రెండూ చిల్లు గురించి, ఐదు నిమిషాల గురించి.

గునాది చదివాడు. బల్ల మీద ఇనప మేకు నిలబెట్టి ఉంది. దానికి అచ్చుకు వద్దనుకున్న కాగితాలు గుచ్చి ఉన్నాయి. అతను ఆ కాగితాన్ని మేకుకు గుచ్చలేదు. సొరుగు లాగి, అందులో పెట్టి, సొరుగు మూశాడు.

"శుక్రవారం చూద్దాం," అన్నాడు.

"చూద్దాం అంటే?"

"చూద్దాం అంటే చూద్దామనే, మాస్టారూ. టీ తాగుతారా?"

ప్రవోతో టీ తాగాడు. ఐదింటి బస్సుకు క్లాతెన్ వచ్చేశాడు. అన్నంలోకి సోయా గింజల టెంపె వేపుడు, మిరపకాయ పచ్చడి ఉన్నాయి. సోలో ఎందుకు వెళ్లారని రుమియాతి అడిగింది. పని ఉండి, అన్నాడు.

గురువారం ఉదయం ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు పిల్లలను వరసల్లోనే నిలబడమన్నాడు. శనివారం సెలవని చెప్పాడు. ఎవరూ ఇల్లు కదలకూడదని చెప్పాడు. చేతిలో బుధవారం పేపరుంది.

"నేను చెప్పడం ఎందుకు? రాసిన మనిషి మన దగ్గరే ఉన్నారు. ప్రవోతోగారూ, మీరే చదవండి."

పేపరు ఐదో పేజీకి మడిచి ఉంది. నాలుగు వాక్యాల కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. ప్రవోతో కళ్లజోడు పెట్టుకున్నాడు. మొదటి పేరానుంచి మొదలుపెట్టాడు. నీడ సముద్రం దాటింది, జావా దక్షిణ తీరం దాటింది, క్లాతెన్ చేరింది. అక్కడ ఆగాడు. పిల్లలు నాలుగు వందల మంది. వెనక వరసలో ఎవరో దగ్గారు. హెడ్మాస్టరు అతని వైపు చూశాడు.

అతను నాలుగు వాక్యాలు చదివాడు. గొంతు మారలేదు. పేరు చదవలేదు.

మూడో వరసలో కుస్తిని అనే అమ్మాయి చెయ్యెత్తింది. పది 'బి'లో మొదటి బెంచీ.

"సార్, పోయిన నెల క్లాసులో ఐదు నిమిషాలు మామూలుగానే చూడొచ్చన్నారు కదా సార్? బొమ్మ కూడా వేశారు."

హెడ్మాస్టరు ముందుకొచ్చాడు. "పోయిన నెల పోయిన నెలే. సార్ ఇప్పుడు రాసింది వినబడలేదా నీకు?"

"వినబడిందండి."

"మరి?"

అమ్మాయి ప్రవోతో వైపు చూసింది. అతను పేపరు మడుస్తున్నాడు. నాలుగు మడతలు పెట్టాడు, ఆ మడతలను గోటితో నొక్కాడు. అమ్మాయి చెయ్యి దించింది.

స్టాఫు రూములో సంగీతం మాస్టారు అతని భుజం తట్టాడు. "మా ఆవిడ పడకగది కిటికీకి రెండు దుప్పట్లు కట్టిందండి మీ పుణ్యాన. ఇంత వేడిలో ఆ గదిలో నేనెలా పడుకోవాలో కూడా వచ్చే బుధవారం రాయండి." అందరూ నవ్వారు. ప్రవోతో జవాబు కాగితాల కట్ట విప్పి దిద్దడం మొదలుపెట్టాడు. ఇరవై రెండు కాగితాలు దిద్దాక, ఒకే తప్పుకు ఒకచోట అర మార్కు, మరోచోట ఒక మార్కు తీసేసినట్టు చూసుకున్నాడు. మళ్లీ మొదటినుంచి దిద్దాడు.

శుక్రవారం పేపరులో సవరణ లేదు. ప్రవోతో పన్నెండు పేజీలూ చూశాడు. చిన్న ప్రకటనలు కూడా చూశాడు. మొదటి పేజీలో కుడి పక్కన, చుట్టూ నల్ల గీతతో, ఆ నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాల్లో మళ్లీ ఉన్నాయి. కింద 'ప్రవోతో, ఈ వారం ఆకాశం' అని ఉంది.

నాలుగింటికి సమిజో నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. సమిజో పేట కాపలాదారు. ఆకుపచ్చ యూనిఫారం, టోపీ, నడుముకు కర్ర. ఇవాళ కర్ర లేదు. ఒక చేతిలో అన్నం మెత్తగా ఉడికించిన జిగురు గిన్నె, ఇంకో చేతిలో ఇనప కొక్కేనికి గుచ్చిన పాత పేపర్లు. అతని భార్య పోనిరా సందు మొదట వేపుళ్ల కొట్టు నడుపుతుంది. వేయించిన అరటిపండ్లు, టోఫూ కట్టివ్వడానికి పేపర్లు కోసి, పక్కన వేలాడే ఆ కొక్కేనికి గుచ్చుతుంది.

"మాస్టారూ, మీ ఇల్లే ఆఖరు. పేటంతా అయిపోయింది. ముప్పై ఒక్క ఇళ్లు. మీరు రాశారు, నా నడుం విరిగింది."

"మా ఇంటికి అక్కర్లేదు సమిజో."

"అక్కర్లేదంటే ఎలాగండీ? రాసినాయన ఇంట్లోనే సందులుంటే రేపు నన్ను అడగరూ?"

రుమియాతి వంటింట్లోకి దారి చూపించింది. అక్కడ పెంకుల మధ్య ఒక గాజు పెంకు ఉంది, పొయ్యి మీదికి వెలుగు పడడానికి. ఆ ఊళ్లో వంటిల్లున్న ప్రతి ఇంటికీ ఒకటుంటుంది. సమిజో నిచ్చెన వేసి ఎక్కాడు. గాజు మీది బూడిద, మసి గుడ్డతో తుడిచాడు. కొక్కెంనుంచి ఒక కాగితం లాగి, వేళ్లతో జిగురు రాసి, అరచేత్తో గాజుకు అతికించాడు. పొయ్యి చీకట్లో పడింది.

"పోనిరా తిడుతోంది," అన్నాడు పైనుంచి. "వారం సరిపడా పేపర్లు తగలేశావు, రేపు వేపుళ్లు నీ టోపీలో కట్టివ్వనా అని."

రుమియాతి నవ్వింది. "మీ అమ్మాయి లాస్మి ఎలా ఉంది?"

"ఏడో నెల కదమ్మా. వాళ్లమ్మ పొయ్యి బూడిద దాచి పెట్టింది, రేపు పొట్టకు రాసి మంచం కింద కూర్చోబెడుతుందట. మా అమ్మ కూడా అలాగే చేసేది. నేను వద్దనేవాణ్ణే. కానీ మాస్టారే ఇంత గట్టిగా రాశాక, నేనేం చెప్పను? బూడిద కూడా రాయనీ అన్నాను."

కిందికి దిగి చేతులు కడుక్కున్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"ఎప్పుడూ చెప్పలేదు, మాస్టారూ. నేను మీవన్నీ కత్తిరించి నోటు పుస్తకంలో అంటించుకుంటాను. వయోజనుల బడిలో చదవడం నేర్చుకున్నానా, ఆ తర్వాత నేను మొత్తం చదివింది మీవే. శనికి వలయం ఉంటుందని రాశారే, అది నాలుగు రోజులు చదివాను. ఈసారిది మాత్రం ఒక్క గుక్కలో అయిపోయింది. ఎంత తేలిగ్గా రాశారండీ!"

ప్రవోతో గడప పట్టుకుని నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. సమిజో అప్పటికే నిచ్చెన ఎత్తుకున్నాడు.

శనివారం తొమ్మిదిన్నరకు మసీదు మైకులో గ్రహణ నమాజుకు రావలసినవాళ్లు వెంటనే వచ్చేయాలని, తర్వాత తలుపులు మూస్తామని చెప్పారు. పది కావస్తుండగా సందు మొదట కెంతోంగన్ మోగింది. తొలిచిన చెక్క దుంగ అది, దొంగలు పడ్డా, ఇల్లు కాలినా కొడతారు. సమిజో దాన్ని ఆపకుండా రెండు నిమిషాలు కొట్టాడు. తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. కోళ్లను గంపల కింద మూశారు. పక్కింట్లో టీవీ గొంతు పెరిగింది.

రుమియాతి ఆ టీవీ చూడడానికి వెళ్లింది. ప్రవోతో అట్టపెట్టె చంకన పెట్టుకుని వెనక తలుపు తీశాడు. సైకిలు తీయలేదు, చప్పుడవుతుందని. సందులో ఎవరూ లేరు. జామచెట్టు కింద నేల మీద ఆకుల సందుల్లోంచి పడిన వెలుగు చుక్కలు అన్నీ ఒక పక్క కొరికినట్టున్నాయి. అతను ఒక్క క్షణం ఆగి వాటిని చూశాడు. ఎండ ఉంది, కానీ వేడి తగ్గింది. గడియారం పదీ ముప్పై ఐదు చూపిస్తోంది. గట్టుదాకా ఇరవై నిమిషాల నడక.

సందు మలుపులో సమిజో ఎదురొచ్చాడు. టోపీ మీద తువ్వాలు వేసుకుని, చూపు నేల మీదే ఉంచి నడుస్తున్నాడు. ముందు ఎదుటి మనిషి చెప్పులు చూసి ఆగాడు, తర్వాత తలెత్తాడు.

"మాస్టారూ! మీరా!"

"కాస్త పనుంది. గట్టుదాకా వెళ్లొస్తాను."

"ఇప్పుడా? మీరే బయటికొస్తే ఇంకెవరినండీ నేను ఆపేది?"

"సమిజో, నా దగ్గర గాజుంది. ఏమీ కాదు. నన్ను పోనీ."

సమిజో జేబులోంచి నిన్నటి పేపరు ముక్క తీశాడు. నల్ల గీత వరకు కత్తిరించి ఉంది. వేలు పెట్టి చదివాడు, ఒక్కో మాటా విడివిడిగా. "ఏ. పరికరంతోనూ. ఒక్క. క్షణమైనా." తలెత్తాడు. "గాజు పరికరం కాదా అండీ?"

ప్రవోతో చంకలోని పెట్టెను చేతిలోకి మార్చుకున్నాడు.

"దొరికినవాళ్లను దగ్గరున్న ఇంట్లో పెట్టమన్నారు. మా ఇల్లే దగ్గర. రండి. కోప్పడకండి. ఆ పెట్టె ఇటివ్వండి, నేను మోస్తాను."

చేతిలోంచి పెట్టె తీసుకున్నాడు. ప్రవోతో అతని వెనక నడిచాడు.

ఇంట్లో చీకటిగా ఉంది. మట్టి నేల, వెదురు తడికెల గోడలు. లోపలి పక్క తడికెలకు దుప్పట్లు, గోనె సంచులు కట్టారు. పోనిరా లేచి చాప పరిచింది. గోడ పక్క వెదురు మంచం కింద లాస్మి మోకాళ్లు దగ్గరకు లాక్కుని కూర్చుంది. పొట్ట మీద జాకెట్టు బూడిద రంగులో ఉంది. ప్రవోతోను చూసి కొంగు లాక్కుంది.

"ఉన్నాయా మాస్టారూ మీ కళ్లు?" అంది పోనిరా. "ఆయన మిమ్మల్ని పట్టుకొస్తాడని కలలో కూడా అనుకోలేదు. పోయినసారి దొంగను పట్టుకోమంటే పక్క సందుకు తరిమి వచ్చాడు."

"నోర్ముయ్," అన్నాడు సమిజో. తలుపు గడియ పెట్టి, గడియ పక్కనే నిలబడ్డాడు.

ప్రవోతో చాప మీద కూర్చున్నాడు. పదకొండు దాటింది. రేడియోలో ఎవరో సూరబయ నగరంనుంచి గ్రహణం గురించి మాట్లాడుతున్నారు. కాసేపటికి పోనిరా అంది:

"అదేంటి నేల మీద?"

చాప అంచుకు జానెడు దూరంలో మట్టి మీద వెలుగు పడి ఉంది. వంద రుపియాల నాణెమంత ఉండాలి. కానీ గుండ్రంగా లేదు. కత్తిరించిన గోరులా ఉంది.

సమిజో పైకి చూశాడు. గాజు పెంకుకు అతికించిన కాగితం మీద సినిమా ప్రకటన ఉంది. దాని నడుమ కొక్కెం గుచ్చిన చోట చిల్లు పడి ఉంది. బియ్యపు గింజంత.

"నా వేలు విరగ! ముప్పై రెండిళ్లకీ ఇవే అంటించాను." జిగురు గిన్నె కోసం వెతికాడు. "లాస్మీ, కళ్లు మూసుకో! మీరు కూడా మూసుకోండి, మాస్టారూ!"

"వద్దు," అన్నాడు ప్రవోతో. "మూయకు. దాన్ని చూస్తే ఏమీ కాదు. అది సూర్యుడి బొమ్మ."

"బొమ్మేంటండీ?"

ప్రవోతో ముందుకు జరిగి తన అరచేతిని ఆ వెలుగులో పెట్టాడు. నెలవంక అరచేతి గీతల మీదికి వచ్చింది. చెయ్యి పైకెత్తితే చిన్నదయింది, దించితే పెద్దదయింది.

"చంద్రుడు ఇటునుంచి కప్పుతున్నాడు. బొమ్మ తిరగబడుతుంది కాబట్టి మనకు అటు కనబడుతోంది. చిల్లు ఉంటే చాలు, వెలుగు దాన్ని ఇలా మోసుకొచ్చి పడేస్తుంది. ఇదంతా నేను రాశాను, సమిజో. ఐదో పేరాలో."

"నేను చదివాను కదండీ. అందులో లేదు."

"తీసేశారు. ఆ ఆఖరి నాలుగు వాక్యాలు నేను రాయలేదు."

రేడియోలో మాట ఆగి సంగీతం వచ్చింది. సమిజో గిన్నె పట్టుకునే ఉన్నాడు.

"మీ పేరుంది," అన్నాడు.

"ఉంది."

"మరి నిన్న ఇంటికొస్తే చెప్పలేదే."

"చెప్పలేదు."

"బళ్లో కూడా మీరే చదివారట. కుస్తిని వాళ్ల నాన్న చెప్పాడు."

"చదివాను."

సమిజో కాసేపు ఆ వెలుగు ముక్కను, కాసేపు ప్రవోతోను చూశాడు. ముప్పై రెండిళ్లు, అన్నాడు తనలో తను. గిన్నె కింద పెట్టాడు. గొంతుక్కూర్చుని, తన అరచేతిని వెలుగులోకి చాపాడు. వేళ్ల కణుపుల మీద జిగురు ఎండి ఉంది. నెలవంక అప్పటికి సన్నబడింది. పోనిరా వంగి చూసింది. మంచం కిందనుంచి లాస్మి చెయ్యి బయటికొచ్చింది, అందలేదు. సమిజో చాప లాగాడు. లాస్మి మోకాళ్ల మీద ముందుకొచ్చి, వేలి చివరలతో వెలుగును తాకింది.

"చల్లగా ఉంది," అంది.

పదకొండూ ఇరవై ఎనిమిదికి అది దారంలా మిగిలింది. ఆ తర్వాత నేల మీద ఏమీ లేదు. దుప్పట్ల అంచుల చుట్టూ ఉన్న వెలుగు కూడా పోయింది. గంపల కింద కోళ్లు ఒక్కసారి అరిచి ఆగిపోయాయి. లాస్మి "అమ్మా" అంది. చీకట్లో ఆమె చెయ్యి వెతుక్కుంటూ దగ్గరున్న మణికట్టును పట్టుకుంది. అది ప్రవోతోది.

"ఇప్పుడు," అన్నాడు ప్రవోతో. "ఇప్పుడు నేరుగా చూడొచ్చు. నాలుగు నిమిషాలు. నేను గడియారం చూసి పిలుస్తాను. పిలిచిన వెంటనే తల దించి లోపలికి రావాలి."



"ఒక్క క్షణమైనా అని ఉంది కదండీ," అంది పోనిరా.

"ఉంది," అన్నాడు ప్రవోతో.

గడియ చప్పుడయింది. తలుపు తెరుచుకుంది, గడప అవతల నేల సాయంత్రం ఆరున్నరకు ఉండే రంగులో ఉంది. సమిజో బయటికి అడుగు పెట్టాడు. తలుపును వెనకనుంచి దగ్గరకు లాగాడు.

ప్రవోతో లేవబోయాడు. లాస్మి చెయ్యి వదల్లేదు. రెండో చెయ్యి కూడా వేసింది. ఆమె గోళ్లు గుచ్చుకున్నాయి. పోనిరా కూతురి పేరు పిలుస్తూ మంచం పక్క తడుముతోంది.

"వెళ్లకండి," అంది లాస్మి. "మీరు పోతే ఎవరు చెబుతారు ఎప్పుడు వెలుగొస్తుందో?"

తలుపు అతనికి ఆరడుగుల దూరంలో ఉంది. దాని సందులోంచి లోపలికి పడే వెలుగు మామూలు పగటిది కాదు. ప్రవోతో మళ్లీ కూర్చున్నాడు. గడియారం ముళ్లు చీకట్లో ఆకుపచ్చగా కనబడ్డాయి.

"నిమిషం," అన్నాడు. ఆ తర్వాత, "రెండు." లాస్మి ఊపిరి కాస్త నెమ్మదించింది. "మూడు." బయట ఎక్కడో కుక్క మొరిగింది. మనుషుల అలికిడి లేదు. నాలుగు నిమిషాలకు ఐదు సెకన్లుండగా గొంతెత్తాడు.

"సమిజో! చాలు! లోపలికి రా!"

తలుపు తెరుచుకుని మూసుకుంది. గడియ పడింది. సమిజో ఊపిరి బరువుగా తీస్తున్నాడు. అర నిమిషం దాటాక చాప పక్కన మట్టి మీద దారమంత వెలుగు పడింది, ఈసారి అవతలి పక్కనుంచి. లాస్మి మణికట్టు వదిలింది.

"తెల్లగా ఉందా?" అని అడిగాడు ప్రవోతో. "నల్లటి దాని చుట్టూ?"

"ఉంది."

"గుండ్రంగానా? ఒక పక్కకు సాగిందా?"

సమిజో చేతులు చాపి ఏదో చూపబోయాడు. చేతులు దించాడు. "నాకు చెప్పడం రాదు. మీరు రాస్తారుగా, బుధవారం."

"నేను చూడలేదు కదా."

సమిజో తలుపునూ, ప్రవోతో కూర్చున్న చోటునూ చూశాడు. అట్టపెట్టె గడప పక్క అతను పెట్టిన చోటే ఉంది. పోనిరా లేచి పొయ్యి రాజేసింది.

ఒంటిగంటన్నరకు కెంతోంగన్ మోగింది. జనం బయటికొచ్చి సూర్యుడి వైపు చూడకుండా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. రుమియాతి టీవీలో అంతా స్పష్టంగా కనబడిందని, ముగ్గులా ఉందని చెప్పింది. మీరు ఎక్కడికి వెళ్లారని అడిగింది. సమిజో ఇంటికని ప్రవోతో చెప్పాడు.

సోమవారం రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. అదే రోజు గునాదినుంచి పోస్టుకార్డు వచ్చింది. గ్రహణం గురించి ఆరు వందల మాటలు కావాలని, కళ్లకు కట్టినట్టు ఉండాలని. ప్రవోతో కార్డు చదివి పుస్తకంలో పెట్టాడు. ఏమీ పంపలేదు. బుధవారం, జూన్ 15న, ఐదో పేజీలో ఎప్పుడూ వచ్చే చోట సబ్బు ప్రకటన ఉంది.

ఆ సాయంత్రం నాలుగున్నరకు సమిజో వచ్చాడు. యూనిఫారం లేదు. చేతిలో నోటు పుస్తకం ఉంది, గోధుమరంగు అట్ట, అంచులకు గుడ్డ అంటించి ఉంది. బల్ల మీద పెట్టి చివరి పేజీ తెరిచాడు. జూన్ 8 నాటి వ్యాసం అందులో ఉంది. నాలుగు వాక్యాలున్న చోట బ్లేడుతో కోసేసి ఉంది. కోసిన చోట వెనక పేజీ తెల్లగా కనబడుతోంది.

"మీవి కాదన్నారుగా," అన్నాడు. "మీ రెండు పేరాలు ఇక్కడ రాసివ్వండి."

ప్రవోతో పెన్ను తీశాడు. ఐదో పేరా ఒక్క మాట కూడా తేడా లేకుండా గుర్తుంది. చిల్లు, వెలుగు, నేల మీద బొమ్మ. ముందు దాన్నే చిన్న అక్షరాలతో ఆ తెలుపులో సగందాకా రాశాడు. నాలుగో పేరా దగ్గరకొచ్చి పెన్ను ఆపాడు. నోటు పుస్తకాన్ని సమిజో వైపు తిప్పి, పెన్ను దాని మీద పెట్టాడు.

"ఇది నువ్వు రాయి."

"నేనా? నాకు రాయడం ఏమొచ్చండీ? సంతకమే వంకర."

"చూసింది నువ్వు."

సమిజో తలుపు వైపు ఒకసారి చూశాడు. కూర్చున్నాడు. పెన్ను అదిమి పట్టుకున్నాడు. ఒక్కో అక్షరానికీ పెదాలు కదిపాడు. రుమియాతి వంటింట్లో, ఉపవాసం విడిచే వేళకని కొబ్బరి కోరుతోంది. గాజు పెంకు మీది కాగితం ఇంకా ఊడదీయలేదు. ఇరవై నిమిషాలు పట్టింది.

మూడు వాక్యాలు రాశాడు. 'పదకొండున్నరకు తలుపు తీసి బయటికి వెళ్లాను. నాలుగు నిమిషాలు మామూలు కంటితో చూశాను. ఇవాళ్టికి ఐదో రోజు, నా రెండు కళ్లూ కనబడుతున్నాయి.' కింద తేదీ వేసి, సమిజో, పేట కాపలాదారు, అని పేరు పెట్టాడు.